సున్నా లోతు

నిజామాబాద్ శివారులో, కంప్యూటర్ లెక్కతో ఇనుము కోసే మా సీఎన్‌సీ లేత్ షాపుకు ఆ సాయంత్రం ఆత్మారాం ఒక పాత మరబోల్టు తెచ్చి, అలాంటిదే కొత్తది చేసిమ్మన్నాడు. బోధన్ దగ్గర అతనికి చెరుకు గానుగ ఉంది. దాని రోలర్లను బిగించే బోల్టు అది.

"చెరుకు కొట్టిపెట్టిన సార్. పొద్దుగాల గానుగ తిరగకుంటె రసం ఎండిపోతది."

"ఇది విరగలే. కోసిండ్రు గదా?"

"కృష్ణ అని మా మనిషి... రోలర్లల్ల చెయ్యి వడ్డది. బోల్టు ఎంత తిప్పినా ఎనుకకు రాలే. కోసినంక చెయ్యైతే వచ్చింది. మనిషి దక్కలే."

నా దృష్టి మరచుట్ల కోణం మీదనే ఉంది. యాభై ఐదు డిగ్రీలు; మెట్రిక్ కొలతలు రాకముందటి ఇంగ్లీషు పద్ధతి. ఆపరేటర్ మధుకర్ అలవాటు కొద్దీ ఆ చుట్ల సందులో బొటనవేలు ఆనించి తిప్పి చూశాడు.

"దీన్ని మ్యూజియంల వెట్టు అన్న, ఆడనే వనికొస్తది," అని ఆత్మారాంను చూసి నవ్వాడు.

ఆత్మారాం వెళ్లాక లెక్క వేశాను. చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 6.35 మిల్లీమీటర్లు; 0.64తో గుణిస్తే లోతు నాలుగుకు కాస్త పైన. ఒక్కసారిగా అంత తెగదు. మొదటి కోత 0.8, రెండోది 0.33, మూడోది 0.25... పనిముట్టు దిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది గనుక కోత తగ్గాలి. చివర నునుపు కోసం సున్నా లోతుతో ఒక ఖాళీ కోత.

కొత్త ఇనుపకడ్డీ ఎక్కించి కోతలన్నీ వేశాను. ఏమీ తెగకూడని ఆ ఖాళీ కోతలో ఇనుప పొట్టు రాలింది.

"సున్నా ఇచ్చినవ్ గదా అన్న?"

"ఇచ్చిన."

పనిముట్టు కాస్త వంగి ఉంటే అలా రాలుతుంది, వింతేమీ కాదు. మళ్లీ తిప్పాను. మళ్లీ రాలింది. కొలిచాను. బోల్టు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. పొట్టు మెత్తగా, తడిగా ఉంది. పచ్చి చెరుకురసం వాసన... దాని అడుగున మరేదో వాసన.

"అన్న... నా ఏలు."

గోరు నుంచి మొదలు దాకా సన్నని ఎర్రగీత, మరచుట్టులా. యంత్రం ఆపేశాను. బోల్టును తిప్పే స్పిండిల్ నిలిచింది. గీత నిలవలేదు. ఒక్కో కోతకు ఆగుతూ, మునుపటికంటె కొంచెం తక్కువగా... దిగుతోంది.

నా లెక్కే అది.

నాలుగు మిల్లీమీటర్లు. వేలిలో ఎముక అంత లోతుకు ముందే తగులుతుంది.

"ఆపరాదే అన్న..."

బోల్టు వెనుకకు రాలేదన్న మాట గుర్తొచ్చింది. స్పిండిల్‌ను ఎదురు తిప్పాను. చాలాసేపు తిప్పాను. గీత పలచబడింది... చెరిగింది. మధుకర్ నేల మీద కూలబడి ఏడ్చాడు. బోల్టును లేత్ పట్టులోనే వదిలి తాళం వేశాం. ఆ రాత్రి వాడిని మా ఇంట్లోనే పడుకోబెట్టాను.

తెల్లవారి షాపు తెరిచాం. బోల్టు పట్టులోనే ఉంది. అప్పుడే ఆత్మారాం ఫోను.

"బోల్టు మంచిగ కూసున్నది సార్. మీ మనిషే తెచ్చి ఎక్కిచ్చిండు."

"ఏ మనిషి?"

"ఆయనే, తలకు, చేతికి గుడ్డ సుట్టుకున్నాయన, మొకం కనవడ్తలే. ఇంకో సుట్టు బిగిస్తున్నడు."

ఫోనులో ఇనుము కిర్రుమంది.

నా పక్కన మధుకర్ మెల్లగా తన బొటనవేలి వైపు చూసుకున్నాడు.