నాలుగూ నలభై బండి, నాలుగు శాతం బ్యాటరీ

ఉదయం తొమ్మిదీ పదికి శ్రుతి మాస్టారిని కాల్చి చంపారు. సంగీత సభాభవనం స్టేజీ మీద పియానో మూత ఎత్తి లోపలి తీగ బిగిస్తుండగా, వెనక నుంచి ఒకే ఒక్క గుండు. సైలెన్సర్ వాడారు. పక్క హాల్లో కుర్చీలు తుడుస్తున్న మనిషికి ఏమీ వినపడలేదు. తీగ మోత ఎంతకీ మళ్లీ రాకపోయేసరికి వచ్చి చూశాడు.

మాస్టారికి చూపు లేదు. పియానోలు సరిచేయడం పైకి కనిపించే వృత్తి. పద్నాలుగేళ్లుగా మన గూఢచారి శాఖకు కబుర్లు మోయడం అసలు పని. హంతకుడు ఆయన పర్సు, ఫోను, చివరికి చేతికర్ర కూడా పట్టుకుపోయాడు. కోటు జేబులో ఉన్న పాత మ్యూజిక్ ప్లేయర్‌ను మాత్రం తీసి చూసి అక్కడే పడేశాడు. చక్రం తిప్పితే పాటలు కదిలే రకం అది. తయారీ ఆగిపోయి పదిహేనేళ్లయింది. దాన్ని దొంగ కూడా ముట్టడు.

ముట్టింది మన శాఖ సామాన్ల స్టోరు. దరిద్రం అక్కడ మొదలైంది.

పన్నెండింటికి చీఫ్ గదిలో బ్రీఫింగ్. ఎదురుగా కూర్చున్నది ఏజెంట్ గరిటె. ఈ శాఖలో కోడ్ నేములన్నీ ఇంటి సామాన్లే. అది ఏ మహానుభావుడి తెలివో గాని, పదహారేళ్లుగా ప్రాణాలకు తెగించి పనిచేస్తున్న మనిషిని వైర్‌లెస్‌లో "గరిటె, వినిపిస్తోందా" అని పిలుస్తారు. పేరు మార్చమని అతను మూడు అర్జీలు పెట్టుకున్నాడు. మూడూ పరిశీలనలోనే ఉన్నాయి.

చీఫ్ సంగతి క్లుప్తంగా చెప్పాడు. విదేశీ ముఠా నాయకుడు తెల్లకోటు పక్కన రెండేళ్లుగా మన డబుల్ ఏజెంట్ ఒకామె ఉంది. కోడ్ నేమ్ అద్దం. విందుల్లో ఆమె ఒక్కసారి నవ్వితే చాలు, పెద్ద పెద్ద కార్యదర్శులు ఫైళ్లు కుర్చీలోనే మర్చిపోయి లేస్తారు. ఆమె మాస్టారికి స్వయానా మేనకోడలు. మన ఆఫీసుల్లో ముఠాకు అమ్ముడుపోయిన పదకొండు మంది జాబితా ఇప్పుడు ఆమె దగ్గర ఉంది. సాయంత్రం నాలుగూ నలభై బండిలో తెల్లకోటు ఆమెను సరిహద్దు దాటిస్తున్నాడు. మాస్టారి ఫోను తాళం విప్పగానే ఆమె ఎవరో వాళ్లకు తెలిసిపోతుంది.

"బండి ఎక్కిందంటే ఆ పిల్ల తిరిగి రాదు" అన్నాడు చీఫ్.

స్టేషన్‌లోనే చుట్టుముట్టి పట్టేద్దామన్నాడు గరిటె. కుదరదట. తెల్లకోటు కుడిచెయ్యి ఎప్పుడూ జేబులో పిస్టల్ మీదే ఉంటుంది. ఎవరు కదిలినా మొదటి గుండు ఆమెకే. ఆమె తనంతట తాను పక్కకు తప్పుకోవాలి. కానీ ఆమె ఎవరినీ నమ్మదు. ఆమె ఈ ముఠాలో చేరకముందు వేరే ముఠావాళ్లు ఒకసారి మాస్టారి గొంతు ఫోన్లో రికార్డు చేసి ఆమెకు ఉచ్చు పన్నారు. అందుకే మేనమామా మేనకోడలూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆ ప్లేయర్ ఎవరి చేతిలోనైనా ఉండి, బటన్ నొక్కగానే ఆమె కళ్లముందు మాస్టారి గొంతుతో పలకాలి. వేరే మనిషి చేతిలో పలికితే మామయ్య ఇక లేడని అర్థం, తక్షణం బయటపడమని అర్థం.

ప్లేయర్ పలకడమేమిటని గరిటె అడిగాడు. మాస్టారు అందులో కంపెనీవాడి సాఫ్ట్‌వేర్ తీసేసి, బయటివాళ్లెవరో ఉచితంగా రాసిన వేరే ఫర్మ్‌వేర్ ఎక్కించుకున్నాడు. అది ఎక్కితే చూపు లేనివాళ్ల కోసం ప్రతి మెనూనూ పైకి చదివి చెబుతుంది. దానితో వచ్చిన మరమనిషి గొంతు నచ్చక, ప్రతి మాటనూ ఆయన తన గొంతుతో రికార్డు చేసి పెట్టుకున్నాడు. ఆయన నోరు ఎలాంటిదో శాఖలో అందరికీ తెలుసు.

గరిటె స్టోరుకు పరుగెత్తాడు. స్టోరక్క ప్లేయర్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చింది. తళతళ మెరుస్తోంది. వెనక ఇన్వెంటరీ స్టిక్కరు అంటించి ఉంది. అతను బటన్ నొక్కాడు. కంపెనీ బొమ్మ కనిపించింది. మాట లేదు, పలుకు లేదు.

ఇదేమిటని అడిగితే ఆవిడ తాపీగా చెప్పింది. ఎప్పుడో ఒకసారి బయటి పరికరం నుంచి వైరస్ వచ్చి ఆఫీసంతా మూతపడిందట. అప్పటి నుంచి స్టోరులోకి వచ్చిన ఏ పరికరంలోనైనా బయటి సాఫ్ట్‌వేర్ తీసేసి, కంపెనీది ఎక్కించాకే రిజిస్టర్‌లో రాయాలట.

"పాటల జోలికి పోలేదు బాబూ. అవి తియ్యాలంటే వేరే ఫారం కావాలి" అంది.

గరిటెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. హంతకుడు చెయ్యలేని పని మన స్టోరక్క చేసిపెట్టింది. ఊరట ఒక్కటే. పాటలు ఉన్నాయంటే వాటి పక్క ఫోల్డర్లో మాస్టారి గొంతు ఫైళ్లూ ఉంటాయి. ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కిస్తే చాలు.

చాలు అనుకోవడమే అతని తప్పు.

ఆఫీసు కంప్యూటర్‌లో ఇన్‌స్టాలర్ తెరవబోతే, బయటి ప్రోగ్రాములు నిషేధమని ఎర్ర బోర్డు వచ్చింది. అనుమతికి మూడు సంతకాలు కావాలి. మూడో సంతకం పెట్టే ఆయన పంటినొప్పితో సెలవులో ఉన్నాడు. ఒంటిగంట దాటింది. నెత్తి కొట్టుకుని గరిటె రెండు వీధుల అవతల ఉన్న రిపేరు కొట్టుకు వెళ్లాడు. కొట్టు నడిపే వైర్ల బాబాయ్ ఒకప్పుడు శాఖ టెక్నీషియనే. రిటైరయ్యాక నోరు మూసుకుని టేప్ రికార్డర్లు బాగుచేసుకుంటున్నాడు.

బాబాయ్ ప్లేయర్‌ను తిప్పి తిప్పి చూశాడు. దీని కేబులు వెడల్పుగా ఉంటుంది, ఇప్పటి కేబుళ్లు పట్టవు, తెచ్చావా అని అడిగాడు. గరిటె దగ్గర గోడ అవతలి మాటలు వినే పెన్ను ఉంది, బూటు మడమలో కత్తి ఉంది, విషం పట్టేసే ఉంగరం ఉంది. కేబులు లేదు. బాబాయ్ అటక మీది ట్రంకు దించి నేల మీద బోర్లించాడు. ఇద్దరూ చతికిలబడి ఆ వైర్ల చిక్కు విప్పుతూ అరగంట పోగొట్టుకున్నారు. కేబులు దొరికేసరికి ప్లేయర్ బ్యాటరీ పూర్తిగా పడిపోయింది. అది లేచి కూర్చోవడానికి ఇంకో ఇరవై నిమిషాలు.

రెండూ ముప్పావుకు ఫర్మ్‌వేర్ ఎక్కించారు. పూర్తయిందని కంప్యూటర్ శుభవార్త చెప్పింది. ప్లేయర్ తెర మాత్రం తెల్లగా వెలిగి అలాగే ఉండిపోయింది. రెండు బటన్లు పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మళ్లీ మొదలైంది. మళ్లీ తెల్ల తెర. తీసేశారు, మళ్లీ ఎక్కించారు. అదే తెల్ల తెర. గరిటె చొక్కా తడిసిపోయింది. మూడు దేశాల సరిహద్దులు దాటాను గాని, ఈ అరచేతి డబ్బా దగ్గర నా చదువంతా మట్టిపాలైందని అతను పైకే అనేశాడు.

"ఇది ఏ మోడలని చూశావు అబ్బాయ్?" బాబాయ్ అడిగాడు.

చూడటానికి ప్లేయర్ ఐదో తరం దానిలాగే ఉందని ఆ మోడలే ఎంచుకున్నాడట గరిటె. అసలు నంబరు వెనక చెక్కి ఉంటుందన్నాడు బాబాయ్. వెనక ఉన్నది స్టోరక్క స్టిక్కరు. నంబరు మీద అడ్డంగా, నాలుగు మూలలూ గట్టిగా ఒత్తి అంటించిన స్టిక్కరు. గరిటె బూటు మడమలోంచి కత్తి తీశాడు. ఆ కత్తి పదహారేళ్ల సర్వీసులో మొదటిసారి బయటికి వచ్చింది, స్టిక్కరు గీకడానికి. కింద చిన్న అక్షరాలతో వేరే నంబరు ఉంది. తప్పు తరానికి సరైన మందు వేశారు ఇంతసేపూ.

మళ్లీ మొదలు. ఎనభై మూడు శాతం దగ్గర గీత ఆగిపోయింది. ఆగిందో, నడుస్తోందో చెప్పేవాడు లేడు. కేబులు లాగేస్తే ఉన్నదీ పోతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. మూడూ యాభై ఐదుకు గీత కదిలింది. నాలుగింటికి తెర నల్లబడి, మళ్లీ వెలిగింది. బాబాయ్ ఒక చిన్న స్పీకర్ ముక్క తగిలించాడు.

"ఎవరది? చేతులు కడుక్కుని ముట్టుకో" అంది ప్లేయర్.

మాస్టారి గొంతే. అదే చిరాకు, అదే బొంగురు. పొద్దున పోయిన మనిషి ఎదురుగా కూర్చుని కసిరినట్టయింది ఇద్దరికీ. బాబాయ్ కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. బ్యాటరీ పదకొండు శాతమే ఉందని, పాత బ్యాటరీకి ఎంత పోసినా నిలవదని గుర్తుచేసి పంపాడు.

నాలుగూ ముప్పై ఒకటికి గరిటె ప్లాట్‌ఫాం మీద ఉన్నాడు. పెట్టుడు మీసం, మోకాళ్ల దగ్గర సాగిపోయిన ప్యాంటు, చెవుల మీదికి లాగిన టోపీ. ట్రంకులు మోస్తున్న ఇద్దరు కూలీలు మనవాళ్లే. ఎదురు బెంచీ మీద తెల్లకోటు. కుడిచెయ్యి జేబులో ఉంది, ఎడమచెయ్యి అద్దం మోచేతిని పట్టుకుని ఉంది. ఆమె ఆకుపచ్చ పట్టు దుస్తుల్లో, పెద్ద నల్ల కళ్లద్దాలతో, పక్కన మనిషిని ప్రేమిస్తున్నట్టు చూసేవాళ్లకు అనిపించేలా కూర్చుంది.

గరిటె వాళ్లకు ఎదురుగా నిలబడి బటన్ నొక్కాడు. ప్లేయర్ పలకలేదు. తెర వెలిగే ఉంది. చక్రం తిప్పాడు. ఉలుకు లేదు. నాలుగూ ముప్పై నాలుగు. రెండు బటన్లూ నొక్కిపట్టాడు. తెల్లకోటు లేచాడు. అద్దం లేచింది. బండి తలుపులు తెరిచారు. ఒక మనిషి ప్రాణం ఈ బొడిపె మీద ఆధారపడి ఉంది, ఇది చూస్తే రాయిలా ఉంది. దాన్ని పట్టాల మీదికి విసిరేయాలనిపించింది అతనికి. విసరబోయి చూశాడు. పైన అంచులో బటన్లు పనిచేయకుండా ఆపే చిన్న లాక్ జేబులో రాసుకుని పక్కకు జరిగి ఉంది. బొటనవేలితో వెనక్కి నెట్టి నొక్కాడు.

"నెమ్మది. అది పియానో కాదు, బాదితే పలకడానికి" అంది ప్లేయర్, చుట్టుపక్కల అందరికీ వినపడేలా.

బండి మెట్టు మీద కాలు పెట్టబోయిన అద్దం ఆగిపోయింది. తల తిప్పి గరిటె చేతిలోని ప్లేయర్‌ను చూసింది. ఆ తర్వాత దాన్ని పట్టుకున్న చేతిని చూసింది. అది మామయ్య చెయ్యి కాదు. కళ్లద్దాల కింది నుంచి నీటిచుక్క ఒకటి జారింది. ఆమె తుడుచుకోలేదు. కదలనూ లేదు, మోచెయ్యి ఇంకా తెల్లకోటు పట్టులోనే ఉంది. గార్డు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత గరిటె చేసినదానికి ప్లాన్ అని పేరు పెట్టడం రిపోర్టులో బాగుంటుంది గాని, నిజానికి అది నాలుగు గంటల ఒళ్లుమంట. నేరుగా తెల్లకోటు ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"అయ్యా, చదువుకున్నవారిలా ఉన్నారు. దీన్ని ఆపడం ఎలాగో చెబుతారా? ఏది నొక్కినా తిడుతోంది."

తెల్లకోటు జరగమన్నాడు. గరిటె జరగకుండా పక్క బటన్ నొక్కాడు. బ్యాటరీ నాలుగు శాతమని, ఛార్జింగ్ పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలని ప్లేయర్ విసుక్కుంది. మధ్య బటన్ నొక్కమన్నాడు తెల్లకోటు. గరిటె కావాలనే కింది బటన్ నొక్కాడు.

"అది కాదయ్యా, మధ్యది."

గరిటె మళ్లీ కింది బటనే నొక్కాడు. ఎదుటివాడు తప్పు బటన్ నొక్కుతుంటే చూస్తూ ఊరుకోగల మగవాడు ఏ దేశంలోనూ పుట్టలేదు. తెల్లకోటు పళ్లు కొరికి, అద్దం మోచెయ్యి వదిలేసి, ఇలా ఇవ్వమని ప్లేయర్ లాక్కున్నాడు. చక్రం తిప్పడానికి ఒక చెయ్యి చాలలేదు. జేబులోంచి కుడిచెయ్యి బయటికి వచ్చింది.

అద్దం రెండడుగులు పక్కకు వేసింది. గరిటె ఆ కుడి మణికట్టు పట్టి మెలితిప్పాడు. కూలీలు ట్రంకులు కింద పడేసి మీద పడ్డారు. ఈల మోగింది, బండి కదిలింది, తెల్లకోటు లేకుండానే వెళ్లిపోయింది. కింద పడిన ప్లేయర్ "మళ్లీ తప్పు నొక్కావు" అంటోంది.

అద్దం హ్యాండ్‌బ్యాగులోంచి పౌడరు డబ్బీ తీసి ఇచ్చింది. పౌడరు కింద పదకొండు పేర్లు పలచటి కాగితం మీద ఉన్నాయి. తర్వాత వంగి ప్లేయర్‌ను తీసుకుని బెంచీ మీద కూర్చుంది. మామయ్య ఎప్పుడు పోయాడని అడిగింది. గరిటె చెప్పాడు. ఆయనకు తెలిసే లోపే అయిపోయిందని కూడా చెప్పాడు, అది నిజమే కాబట్టి.

"రెండేళ్లయింది మామయ్య చేత తిట్లు తిని" అంది ఆమె. ఆపే బటన్ నొక్కి పట్టుకుంది.

"సరే, వెళ్లొస్తాను. జాగ్రత్తమ్మా" అంది ప్లేయర్. తెర ఆరిపోయింది. ఆమె దాన్ని అలాగే పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. గరిటె పక్కన కూర్చుని పెట్టుడు మీసం పీకేసుకున్నాడు, ఏం చెయ్యాలో తోచక.

మర్నాడు పొద్దున ఇద్దరూ స్టోరు కౌంటరు ముందు నిలబడ్డారు. మిషన్‌లో వాడిన పరికరం తిరిగి అప్పగించాలి. అది రూలు. అప్పగించిన పరికరంలో బయటి సాఫ్ట్‌వేర్ ఉంటే తీసేయాలి. అదీ రూలే. ఈసారి అద్దం ప్లేయర్‌ను నిండా ఛార్జింగ్ పెట్టి తెచ్చింది. స్టోరక్క కేబులు చేత్తో పట్టుకుని రెండో చేత్తో బటన్ నొక్కింది.

"ఎవరది? చేతులు కడుక్కుని ముట్టుకో."

స్టోరక్క ఉలిక్కిపడి తన చేతుల వంక చూసుకుంది. కౌంటరు అవతల ఉన్న అమ్మాయి మొహం చూసింది. ఎవరీయన అని అడిగింది. మా మామయ్య అని చెప్పింది అద్దం. స్టోరక్క కేబులు సొరుగులో పెట్టేసి, రిజిస్టర్ తెరిచి, ప్లేయర్ వరుసలో గుండ్రటి అక్షరాలతో 'శుభ్రపరచబడినది, వారసురాలికి అప్పగించబడినది' అని రాసి, దాన్ని అద్దం వైపు నెట్టింది.

రాసినదాంట్లో మొదటి సగం మరీ పచ్చి అబద్ధం కాకూడదని కాబోలు, లేచి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది.