తెల్లవీపు పిట్ట

వలలోంచి సింధూర విడిపించిన పిట్ట వీపు మీది తెలుపు ఆమె బొటనవేలికి అంటుకుంది!

ఇప్పుడే వెలిసిన వానకి తడిసి ముద్దయిన జినువాయి, వడ్లు తినే ఆ బుల్లిపిట్ట, అరచేతిలో వణుకుతోంది. తిప్పి చూసింది. రొమ్ము నిండా చేప పొలుసుల్లాంటి చుక్కలు. అసలు తెల్లవీపు జినువాయికి రొమ్ము నల్లగా, పొట్ట తెల్లగా ఉండాలి. ఇది చుక్కల జినువాయి. ఎవరో కావాలని వీపుకి తెలుపు పూశారు.

"బావా!"

పలాస దగ్గర ఆ వరిచేను ఆమె మేనత్తది. గట్టు మీద వల సర్దుతున్న మేనత్త కొడుకు కామేశ్ ఉలిక్కిపడ్డాడు.

"ఏటయింది?"

"ఏటయిందా? పదిహేడు రోజులు టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చి, నువ్వు వలలోంచి తీసి సూపిన వీపులే సూసి రెండు జాతుల్నీ పోల్చి రాసుకున్నాను. రేపే కాలేజీలో సెమినార్. ఈ దొంగ లెక్క సదివితే నా మొహాన ఊస్తారు!"

"సిన్న పిట్టే గదా సింధూ..."

"నోర్ముయ్!"

అతను గట్టు మీద కూర్చుని మళ్లీ వల చిక్కులు తీయసాగాడు.

ఆమె చెయ్యి తెరవగానే పిట్ట తుర్రుమంది. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"ఎవడో నాకు తెల్సు. మా క్లాస్ లోకనాథ్. మొన్న ఫొటోలని వచ్చి ఇక్కడే తిరిగాడు. సున్నం కంట్లో పడితే పిట్ట బతుకుద్దా? ఆగు, మాస్టారికి సెప్పి ఆడి పని పట్టిత్తాను."

ఫోన్ తీసి నంబరు నొక్కింది. అవతల రింగవుతోంది.

"సున్నం కాదు," అన్నాడు కామేశ్ నేలచూపులు చూస్తూ.

"ఏటన్నావు?"

"బియ్యప్పిండి. సున్నమైతే మండుద్దని..."

ఆమె ఫోన్ కట్ చేసింది. ముక్కుపుటాలు అదిరాయి.

"మొత్తం సెప్పు బావా. ఒక్క ముక్క దాసినా ఈ బురదలోకే తోసేత్తాను."

కామేశ్ వల వదిలేసి లేచి నిలబడ్డాడు.

"నేనే సేసినాను. మొదటి రోజు, తెల్లవీపుది ఒక్కటీ రాకపోతే డొంకూరు సేలకి ఎల్లిపోయి అక్కడే సూసుకుంటానన్నావు. మర్నాడు వలలో పడ్డ పిట్టకి అమ్మ డబ్బాలోంచి పిండి తెచ్చి రాసినాను. దాన్ని సూసి నువ్వు గట్టు మీద గంతులేసినావు. ఆ గంతుల కోసం రోజూ రాసినాను. లోకనాథ్‌కి ఏటీ తెలీదు. రేపు మీ మాస్టారి ముందు నిలబడి నేనే సెప్తాను. పదిహేడు రోజులూ పిట్టల్నే సూసినావు సింధూ. ఇంకొక్క రోజు వత్తే, వల కాడున్నోడిని కూడా సూత్తావేమోనని..."