ఇప్పచెట్టు మీద మంచె

వజ్రగిరి కోటలో పొయ్యి రాజుకుని రోజులైంది. యువరాజు జయకేతుణ్ణి ధూమకేశుడనే రాక్షసుడు దుప్పిగా మార్చి అడవిలోకి తోలేశాడు.

"కొమ్ములు రాలేలోగా దాని నొసట ఈ ఊటనీరు పడితే శాపం పోతుంది. కొమ్ములు రాలాయా, మనిషి బుద్ధి ఇక తిరిగిరాదు" అంటూ కొండమీది ముని సొరబుర్రలో నీళ్లు పోశాడు. చేయి చాచి అందుకున్నది వేటగాడి కూతురు బయ్యమ్మ. పులి నోట పడబోయిన ఆమె తండ్రిని ఒకనాడు కాపాడింది ఆ యువరాజే మరి!

తెల్లవారుతూనే దుప్పి ఇప్పపూలకు వస్తుందని ఆమెకు తెలుసు. చిక్కల్లా ఒకటే. పూత రోజుల్లో ఇప్పచెట్టుకు ఆకు ఉండదు.

అందుకని తక్కువ ఎత్తులో మంచె కట్టి, నేరేడు కొమ్మలు నరికి చుట్టూ దడి పెట్టుకుంది. ఎండకు ఆకులు వాడిపోయాయి. మర్నాడు దుప్పి వచ్చింది. బోడిచెట్టు మీద ఎండుటాకుల గుబురు చూసి, గిట్టతో నేలను ఒక్క తాపు తన్ని పరుగు లంకించుకుంది.

బయ్యమ్మ మంచెను చిటారుకు మార్చింది. ఈసారి దుప్పి బెదరలేదు. కానీ పైనుంచి పోసిన నీళ్లు గాలికి చెదిరాయి. సగం సొరబుర్ర ఖాళీ! దుప్పి కొమ్ము ఒకటి అప్పుడే పక్కకు ఒరిగింది.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏడిస్తే నీళ్లు పెరుగుతాయటే పిల్లా?" అంది ఒక గొంతు. చూస్తే, మాట్లాడింది ఆ చెట్టే!

"అవ్వా! కిందుంటే కంటబడతా, మీదుంటే నీళ్లు అందవు. ఏం చేసేది?"

"నడుమ కూర్చో."

"నడుమ చాటు ఏదవ్వా?"

"నేను లేనూ? నీ వీపు నా మానుకు ఆనించు. వెనక ఆకాశం లేకపోతే నీ ఆకారం తెలియదు. బూడిద పూసుకో. కదలకు మాత్రం."

మర్నాడు బయ్యమ్మ ఒంటికి బూడిద, దానిమీద నలిపిన ఇప్పపూలు పట్టించి, మానులో మానై కూర్చుంది. అంతలో ధూమకేశుడు కొండముచ్చై పక్క కొమ్మ మీద వాలాడు.

"ఏమే బయ్యీ! తోకైనా లేదు, చెట్టెక్కావా?"

ఆమె ఉలకలేదు, పలకలేదు. దుప్పి రానే వచ్చింది. అరిచి దాన్ని బెదరగొట్టాలని కొండముచ్చు నోరు తెరిచాడు. చెట్టు ఒక్క కొమ్మ విదిల్చింది. జలజలా పూలు! కోతి రూపానికి కోతి ఆశ తప్పుతుందా? రెండు దవడలూ నింపుకున్నాడు. ఇక అరవడానికి నోరేది?

బయ్యమ్మ సొరబుర్ర వంచింది. నీటిధార సూటిగా దుప్పి నొసట పడింది. కొమ్ములు రాలాయి. వాటి మధ్య జయకేతుడు మోకాళ్ల మీద నిలిచి ఉన్నాడు. శాపం తిరగబడి రాక్షసుడు కొండముచ్చుగానే మిగిలిపోయాడు.

"నీ రుణం ఎలా తీర్చను?" అన్నాడు యువరాజు.

"మా అయ్యను బతికించావు దొరా, అదే చాలు. ముందు పైకి రా. మనల్ని ఆదుకున్న చెట్టును మంచె కట్లతో వదిలి పోకూడదు."

ఇద్దరూ కలిసి ముడులు విప్పారు. తాళ్లు ఒరుసుకున్న చోటల్లా జయకేతుడు తడిమన్ను మెత్తాడు. ఆ తరువాత వాళ్లిద్దరికీ పెళ్లయింది, ఆ రాజ్యాన్ని చల్లగా ఏలారు. అయితే సింహాసనం ఎక్కే ముందు ఆ కొత్త రాజు మొదటి దండం పెట్టింది మాత్రం ఆ ఇప్పచెట్టుకే.