ఇబ్తిహాల్ పెట్టిన గ్లాసు

రంజాన్ నెలలో సాయంత్రం ఉపవాసం విడవమని ఫిరంగి మోగే వేళకి కఫ్ర్ నఈమ్ ఊళ్లో రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. పొద్దున్నించీ పచ్చి మంచినీళ్లు ముట్టనివాళ్లంతా ఖర్జూరాల పళ్లెం ముందు కూర్చుని ఉంటారు. సర్కారు ఆసుపత్రి డయాలసిస్ వార్డులోనూ అంతే. మధ్యాహ్నం రోగులు వెళ్లిపోయి, రాత్రి రోగులు ఇంకా రాని ఆ గంటలో నర్సులందరూ కింద భోజనాల గదికి దిగుతారు. వార్డుకి కాపలా వగ్ది. అతను చర్చికి వెళ్లే మనిషి. ఇఫ్తార్ వేళ అతను వాళ్ల డ్యూటీ చూడడం, అతని పండగలకి వాళ్లు అతని డ్యూటీ చూడడం ఆ ఆసుపత్రిలో ఎప్పటి నుంచో ఉన్న మర్యాద.

వగ్ది ఉద్యోగం నీళ్లు చూడడం. డయాలసిస్ మిషన్లలోకి పోయే నీళ్లు వెనక గదిలో ఫిల్టర్లు దాటి వస్తాయి. పూటపూటా గ్లాసుడు పట్టి అందులో మందు చుక్క వెయ్యాలి. రంగు మారకపోతే మంచివి. గులాబీ రంగుకి తిరిగితే క్లోరిన్ మిగిలిపోయిందని, ఆ నీళ్లు మనిషి నెత్తుటిని విరిచేస్తాయని అర్థం. చూశాక కాగితం మీద 'పరిశుభ్రం' అని రాసి సంతకం పెట్టాలి. పదహారేళ్లుగా పెడుతున్నాడు. చివర తోక తిప్పి పెట్టే ఆ సంతకం బహు అందంగా ఉంటుంది.

నిరుడు నాలుగు నెలలపాటు ఫిల్టర్లు మార్చలేదు. చుక్క వేసినప్పుడల్లా నీళ్లు గులాబీ రంగుకి తిరిగాయి. కొత్తవి వస్తున్నాయి, అందాకా ఎప్పటిలాగే రాసెయ్యమన్నాడు డైరెక్టర్ షౌకత్. వగ్ది రాసేశాడు. ముగ్గురు రోగులు పోయారు. మూడోవాడు ఏడో కుర్చీలో కూర్చునే హజ్జీ మిత్వల్లీ, వగ్దిని అల్లుడూ అని పిలిచి ఆటపట్టించే ముసలాయన. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఎవరి వాటా వాళ్లు నోట్లో వేసుకుని ఊరుకున్నారు. వగ్ది ఊరుకోలేదు పాపం. అతని తల్లికీ కిడ్నీల జబ్బే, ఆమె కూడా ఆ వార్డుకే వచ్చేది. మిత్వల్లీ పోయిన నెలలోనే ఆమెను చడీచప్పుడు కాకుండా వేరే ఊళ్లో ప్రైవేటు ఆసుపత్రికి మార్చేశాడు.

నోరు విప్పింది ఒక్కరే, హెడ్ నర్సు ఇబ్తిహాల్. ఆమె కైరోకి ఉత్తరం రాసింది. విచారణకి కమిటీ వచ్చింది. అదీ రంజానే, మధ్యాహ్నం రెండు గంటలు. ఆమె వెనక గదిలోంచి గ్లాసుడు నీళ్లు పట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. పరిశుభ్రమని రాశారుగా, తాగండి అంది. ఉపవాసంలో ఉన్నాం కదా సిస్టర్ అని డైరెక్టర్ నవ్వాడు. కమిటీ వాళ్లూ నవ్వారు. అప్పుడామె వగ్ది వైపు తిరిగింది.

"నువ్వు తాగు, వగ్దీ."

అవి వగ్ది వాళ్లకీ ఉపవాసాలే, ఈస్టరుకి ముందొచ్చే లెంటు రోజులు. అయితే ఆ ఉపవాసంలో మాంసం, పాలు మానాలి గాని, మధ్యాహ్నం దాటితే మంచినీళ్లకి అడ్డు లేదు. ఆ గదిలో ఆ సంగతి తెలిసిన మనిషి తనొక్కడే అనుకున్నాడు వగ్ది.

"నాకూ ఉపవాసమే, సిస్టర్."

ఆమె గ్లాసు చేతిలోకి తీసుకుంది. "సరే. ఉపవాసం తీరాక తాగుదువుగాని. గ్లాసు ఉంచుతాను."

అతని సంతకాలున్న కాగితాలు చూపించి, ఇబ్తిహాల్ చెప్పిందంతా అబద్ధమని తేల్చారు. ఆమెను ఎడారి చివర ఎక్కడో ఉన్న ఊరికి బదిలీ చేశారు. ఆమె ఎక్కిన బస్సు దారిలో బోల్తా పడింది, ఆమె బతకలేదు. నిజం చెప్పినందుకు దక్కిన బహుమానం అది.

ఇప్పుడు మిత్వల్లీ కూతురు కోర్టుకెక్కింది. రేపు పదింటికి వగ్ది వెళ్లి, ఆ నాలుగు నెలలూ నీళ్లు పరిశుభ్రమేనని వాంగ్మూలం మీద మళ్లీ సంతకం చెయ్యాలి. చెయ్యనంటే జైలుకి వెళ్లేది తనే. డైరెక్టర్ పొద్దున్నే ఒక పెట్టె కునాఫా మిఠాయి పంపాడు. వగ్ది ఒక నిశ్చయానికి వచ్చేశాడు. చేసేద్దాం. పోయినవాళ్లు తిరిగొస్తారా?

దూరంగా ఫిరంగి మోగింది.

ఆ మోత ఆగాక వచ్చే నిశ్శబ్దం వగ్దికి అలవాటే. కింద గిన్నెల చప్పుడు సన్నగా వినిపిస్తోంది. వార్డులో పన్నెండు కుర్చీలూ ఖాళీ. కిటికీలోంచి పడే వెలుగు ఎర్రగా మారి మెల్లగా నేల మీద నుంచి జారిపోతోంది. క్లోరిన్ వాసన వస్తోంది. ఎప్పుడూ ఉండేదే, కాని ఇవాళ ముక్కుపుటాలు మండేంత ఘాటుగా ఉంది.

నర్సుల బల్ల మీద గ్లాసుడు నీళ్లున్నాయి.

ఎవరో తాగబోయి మరిచిపోయారనుకున్నాడు. తీసుకెళ్లి తొట్టిలో పారబోసి, గ్లాసు బోర్లించి వచ్చాడు.

టిక్... టిక్...

ఇబ్తిహాల్‌కి ఒక అలవాటుండేది. గొట్టంలో గాలి బుడగ కనిపిస్తే గోటితో రెండుసార్లు కొట్టేది. సరిగ్గా ఆ చప్పుడే. ఒకటో కుర్చీ దగ్గర. మిషన్లు ఆపేసే ఉన్నాయి. తనే ఆపాడు.

టిక్... టిక్... మూడో కుర్చీ.

వగ్ది గోడకి ఆనుకున్నాడు. ఎలుకేమో... పైపు చల్లబడుతోందేమో... ఐదో కుర్చీ. ఆరో కుర్చీ. ఏడో కుర్చీ దగ్గర ఆగింది. మిత్వల్లీ కుర్చీ. దాని తోలు సీటు మెల్లగా కిందికి దిగింది, ఎవరో కూర్చున్నట్టు.

చూపు తిప్పుకున్నాడు. బల్ల మీద గ్లాసు. నిండుగా... అంచు దాకా.

ఎందుకు చేశాడో అతనికే తెలీదు. పదహారేళ్ల అలవాటు కావచ్చు. జేబులోంచి మందు సీసా తీసి ఒక్క చుక్క వేశాడు. గులాబీ రంగు అడుగు దాకా పాకింది. చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా వినిపించింది.

"మగ్రిబ్ అయింది, వగ్దీ. ఉపవాసం తీరింది."

పరుగెత్తాడు. వార్డు వదిలేసి, మెట్లు దిగి, ఖాళీ రోడ్డున పడి పరుగెత్తాడు. ఇల్లు నాలుగు వీధుల అవతల. దీపాల తోరణాలు కట్టిన సందుల్లో ఒక్క మనిషి లేడు. తన అడుగుల చప్పుడుకి తనే ఉలిక్కిపడుతూ తలుపు తోశాడు.

తల్లి కిటికీ పక్క కుర్చీలో ఉంది. ఆమెకి రోజుకి రెండు గ్లాసుల నీళ్లకి మించి ఇవ్వకూడదు. ఇంకో గుక్క పొయ్యరా అని వేడుకోని రోజు లేదు. ఇవాళ ఆమె మొహం నిండా ఎన్నాళ్లకో దాహం తీరిన తృప్తి.

"ఎవరో సిస్టర్ వచ్చిందిరా. ఫిరంగి మోగిందో లేదో తలుపు తట్టింది. నీతో పనిచేసిందట. కూర్చోమన్నా కూర్చోలేదు. మంచినీళ్లిచ్చి వెళ్లింది."

"తాగావా?" అన్నాడు వగ్ది.

"ఊరికే తాగుతానా? ఎక్కడి నీళ్లమ్మా అన్నాను. మీ ఆసుపత్రివే, మీవాడు చూసినవే అంది. నేను నమ్మలేదు. అప్పుడు ఆ కాగితం చూపించింది. నీ సంతకం నాకు తెలీదా నాయనా? అది చూశాకే తాగాను."

బల్ల మీద గ్లాసులో సగం నీళ్లున్నాయి. లేత గులాబీ రంగు.

"మిగతా సగం నీకుంచమంది," అంది తల్లి. "మన ఉపవాసంలో నీళ్లకి అడ్డు లేదని ఆవిడకి అప్పుడే తెలుసట."

వగ్ది గ్లాసు కింద ఉన్న కాగితం లాగాడు. 'పరిశుభ్రం' అని ఉంది, తన దస్తూరీలోనే. కింద తోక తిప్పిన తన సంతకం. పక్కన తారీఖు రేపటిది. అతను దాని మీద బొటనవేలు పెట్టాడు. సిరా ఇంకా ఆరలేదు.