మన్నేనా?

కోసిగి దాటి రాయచూరు వైపు పోయే రైల్లో కూర్చుని కిటికీలోంచి చూస్తే, ఒకచోట రైలు కట్ట ఇంటి మీద ఇల్లు పేర్చినంత ఎత్తున కనిపిస్తుంది. కట్ట అంటే ఏమీ లేదు, పట్టాలు పల్లంలోకి దిగకుండా సమంగా పోవడానికి పోసిన మట్టి. ఆ మట్టి అక్కడ పుట్టింది కాదు. ఒక్కొక్క గంపా ఎవరో ఒకరి తల మీద ఎక్కి వచ్చిందే. రైల్లో పోయేవాళ్ళకు ఆ సంగతి గుర్తుండదు. ఉండాల్సిన పనీ లేదు.

హులిగమ్మ మెడకు మాత్రం ఆ సంగతి బాగా తెలుసు.

ఆ ఏడు వానలకు కట్ట పక్కన కొంత మేర కోసుకుపోయింది. రాతి వంతెన దగ్గర సందు ఇరుకు, అక్కడికి యంత్రం దిగదు. అందుకని కాంట్రాక్టరు మనుషులను పెట్టి తట్టలతో మట్టి మోయిస్తున్నాడు. మేస్త్రీ పేరు యేసేపు. మోసేవాళ్ళంతా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు. హులిగమ్మ మొగుడు ఈరేష్ గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయాడు. ప్రతి ఏడూ ఇద్దరూ కలిసే పోయేవాళ్ళు. ఈసారి ఆమె పాప కోసం ఆగిపోయింది.

ముందు ఇద్దరు పుట్టి, పురిటి మంచం ఎత్తకముందే పోయారు. ఇది మూడోది. ఆసుపత్రి నర్సు జ్యోత్స్న అని పేరు పెట్టింది. అత్త భీమక్కకు నోరు తిరగక 'జోచ్నా' అంటుంది. దిష్టి తగలకుండా పాప కుడికాలికి నల్లదారం కట్టి, దానికొక పూస గుచ్చింది. ఇంట్లో చూసేవాళ్ళు లేరు కాబట్టి అత్తాకోడళ్ళు పాపను వెంట తెచ్చుకుని, వంతెన కింద నీడలో, వెదురు గంపలో పాత చీర పరిచి పడుకోబెడతారు. హులిగమ్మ తట్ట దించి వచ్చిన ప్రతిసారీ ఒకసారి వంగి ఊపిరి చూసుకుంటుంది. ఆ ఊపిరి ఆడుతున్నంతసేపే ఆమెకు కాళ్ళు ఆడతాయి.

ఇక్కడ తట్ట ఎత్తడం గురించి ఒక మాట చెప్పాలి. నిండు తట్టను ఎవరూ తమ తల మీదికి తామే ఎత్తుకోలేరు. ఎదురుగా ఇంకొకరు నిలబడాలి. చెరొక వైపు పట్టుకోవాలి. పట్టుకుని, తట్టలోకి కాదు, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవాలి. అప్పుడే ఊపు కలుస్తుంది. ఇది మట్టి పని జరిగే ప్రతిచోటా ఉన్నదే. కానీ ఈ కట్ట మీద పనిచేసే ఆడవాళ్ళకు ఇంకొక అలవాటు ఉంది. ఎత్తే మనిషి ముందు "మన్నేనా?" అని అడుగుతుంది. మోసే మనిషి "మన్నే" అంటుంది. ఆ తర్వాతే తట్ట లేస్తుంది.

హులిగమ్మ పుట్టిల్లు కౌతాళం వైపు, కాలువ కింద ఊరు. ఈ మాట ఆమెకు కొత్త.

"మన్ను గాక బంగారముంటాదా అత్తా?" అని నవ్వింది మొదట్లో.

"బంగారమైతే మనల్ని పిలుస్తారా మ్మే? మేస్త్రీనే మోసుకుంటాడు," అంది భీమక్క.

"నేనెందుకు మోస్తాను పెద్దమ్మా? బంగారమైతే ఆటో పిలుస్తా," అన్నాడు యేసేపు దూరం నుంచి.

"ఓయబ్బా, బాడుగ మాత్రం మన కూల్లో పట్టుకుంటాడు సూడు," అందొకామె. అందరూ నవ్వారు.

మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు భీమక్క అసలు సంగతి చెప్పింది.

"ఈ లైను మొదట ఏసినప్పటి మాట. ఇటు మద్రాసు సముద్రం కాడి నుంచి, అటు బొంబాయి సముద్రం కాడి నుంచి పట్టాలు ఏసుకుంటా వచ్చినారంట. రెండూ రాయచూరు కాడ కలవాల. దొరలకు ఒకటే తొందర. పొద్దు గూకినా పని ఇడిసేవాళ్ళు కాదంట. అప్పుడు రబ్బరు తట్టలు యాడివి? అన్నీ ఎదురు గంపలే. మన్నూ గంపలోనే, బిడ్డా గంపలోనే. మసక చీకట్లో ఒకామె అలిసిపోయి, తన బిడ్డ గంపనే మన్ను గంప అనుకోని ఎత్తమన్నాది. ఎత్తినామె అడగలే. తల్లి పైకి పోయి కుమ్మరించినాది. దాని మీద వెనకామె కుమ్మరించె. దాని మీద ఇంకొకామె..."

హులిగమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "మళ్ళీ తవ్వలేదా అత్తా?"

"నిలబడనిస్తే కదా తవ్వేది? అప్పటి సంది అడుగుతాం. అంతే. తిను, మళ్ళా పిలుస్తాడు."

అది అమావాస్య రోజు. పొద్దు గూకేసరికి కట్ట నీడ పొలాల మీదికి పాకి, కంది మోళ్ళను మింగేసింది. యేసేపు విజిల్ వేశాడు. అందరూ తట్టలు బోర్లించి, దూరంగా ఆగి ఉన్న ట్రాక్టరు వైపు నడిచారు. హులిగమ్మ తలమీద ఆఖరి తట్ట ఉంది. పైకి పోయి పోసి, ఒట్టి తట్ట చంకన పెట్టుకుని ఒంటరిగా దిగుతోంది. మెడ నరం ఒకటి బండి ఇరుసులా కిర్రుమంటోంది. పైన కరెంటు తీగలు సన్నగా గుయ్‌మంటున్నాయి. తడి మట్టి వాసన, పట్టాల నూనె వాసన, ఎక్కడో తుమ్మపూల వాసన. ఇంటికి పోయి నడుం వాల్చడం తప్ప ఆమెకు ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

సగం దిగాక, దారి పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు.

ఆడమనిషి. కొంగు తల మీదుగా లాక్కుంది. చీర రంగుకూ కట్ట రంగుకూ తేడా లేదు. ముందొక గంప.

"అక్కా... రోంత ఎత్తు."

పనిలోకి కొత్తగా వచ్చినామె అనుకుంది హులిగమ్మ. విజిల్ వేసినారు కదా, చాల్లే, మన్ను రేపు పోద్దువులే అని చెప్పాలనుకుంది. కానీ అలా చెప్పడానికి కూడా నోరు తెరవాలి. ఎత్తమని అడిగిన మనిషిని ఎత్తి పంపించడమే సులువు. తట్ట కింద పెట్టి వంగింది. చెరొక వైపు పట్టుకున్నారు. కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు తనకంటే అలిసిపోయి ఉన్నాయి.

గంప లేచింది. ఆమె మలుపు తిరిగి పైకి ఎక్కిపోయింది.

నాలుగడుగులు దిగాక హులిగమ్మకు ఏదో తోచింది. అడగలేదు.

అడగలేదు... అంతే కాదు. ఆ గంప తేలిక. మట్టి గంప ఎంత బరువుండాలో ఆమె చేతులకు తెలుసు. పైగా అది వెదురు గంప. ఈ రోజుల్లో మట్టికి వెదురు గంప ఎవరు వాడతారు?

అరచేయి చూసుకుంది. తడి. వెచ్చటి తడి. ముక్కు దగ్గర పెట్టుకుంది. పాల వాసన. ఆముదం వాసన.

వంతెన కిందికి ఎట్లా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. నీడలో చేయి పెట్టి తడిమింది. రాయి. ఇసుక. మళ్ళీ రాయి.

పాప లేదు. గంప లేదు.

"జ్యోత్స్నా..."

పైకి ఎక్కింది. చేతులతో, మోకాళ్ళతో ఎక్కింది. మట్టి జారిపోతోంది. ఎక్కినంతా జారిపోతోంది. పైన, ఆకాశానికి అంటుకున్నట్టు, ఆమె. కట్ట అంచున నిలబడి ఉంది. రెండు చేతులూ గంప అంచుల మీద ఉన్నాయి. కుమ్మరించే ముందు ఎవరైనా అలాగే పట్టుకుంటారు.

"ఏయమ్మా! నిన్నే! మన్నేనా? అది మన్నేనా?"

ఆమె ఆగిపోయింది. తిరగలేదు.

"ఇప్పుడడిగితే ఎట్లక్కా..." గొంతు గుసగుసలా ఉంది. గొంతులో మట్టి పడినట్టు ఉంది. "ఎత్తేటప్పుడు అడగాల."

"నా బిడ్డ... నీకు దండం పెడతా..."

"దించు. మెడ పోతాంది. ఎన్నాళ్ళని... ఎవురూ దించలే."

హులిగమ్మ గంప అందుకుని కింద పెట్టింది. చీర కింద చేయి పెట్టి తడిమింది. చిన్న పాదం. వెచ్చగా ఉంది. కడుపు మెల్లగా పొంగి, మెల్లగా తగ్గింది. ఊపిరి. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడే అటువైపు నుంచి గూడ్సు కూత వినిపించింది. పట్టాలు కొట్టుకోవడం మొదలైంది.

"దిగిపో అక్కా. ఎత్తుతా."

బిడ్డను చేతుల్లోకి తీసుకుందామనుకుంది హులిగమ్మ. కానీ ఎదుటి మనిషి అప్పటికే గంప ఎత్తేసింది. ఎవరైనా గంప ఎత్తితే హులిగమ్మ తల దానంతట అదే వంగుతుంది. ఒంటికి పట్టిన అలవాటు అది. గంప తల మీద కూర్చుంది. ఎదుటామె "అమ్మా..." అని పెద్దగా నిట్టూర్చింది. ఎంతో కాలానికి నడుం వాల్చిన మనిషి నిట్టూర్పు.

గూడ్సు వచ్చింది. దాని వెలుతురులో కట్ట పొడవునా కనిపించింది. ఆ పొడవునా ఎవరూ లేరు.

హులిగమ్మ దిగుతోంది. ఒక చెయ్యి గంప మీద, ఒక చెయ్యి మట్టి మీద. నా బిడ్డ నాకు దొరికింది, నా బిడ్డ నాకు దొరికింది అనుకుంటూ దిగుతోంది. కిందికి వచ్చేకొద్దీ గంప బరువెక్కుతోంది. అలుపు అనుకుంది. రోజంతా మోసిన మెడ కదా అనుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పాదం... తడిమింది కుడి పాదమే. నల్లదారం చేతికి తగల్లేదు.

తెగిపోయి ఉంటుంది. తెగిపోయే ఉంటుంది...

బాట మీద సెల్‌ఫోను లైటు ఊగుతూ ఎదురొచ్చింది. వెనకాల భీమక్క గొంతు.

"యాడికి పోయినావే? ఆడ ట్రాక్టరోడు తిడతాండాడు. నువ్వు పైన ఉన్నప్పుడే పాప లేసి ఏడుస్తాంటే ఎత్తుకోని పోయినా. పాలకు ఒకటే ఏడుపు. రా, పట్టు."

లైటు దగ్గరికొచ్చింది. భీమక్క భుజం మీద జ్యోత్స్న ఉంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. కుడికాలికి నల్లదారం. దానికి పూస. భీమక్క చంకలో, నీళ్ళ సీసా వేసుకున్న వెదురు గంప. వాళ్ళ గంపే.

హులిగమ్మ మెడ లోపలికి దిగిపోతోంది. చేతులు పైకెత్తి తానే దించుకుందామంటే చేతులు లేవడం లేదు.

"అత్తా... దించత్తా..."

పైన ఏదో కదిలింది. గంప అంచు మీదుగా వేళ్ళు జారి, నిద్రలో పిల్లలు పట్టుకున్నట్టు, మెత్తగా ఆమె జుట్టు పట్టుకున్నాయి.

భీమక్క ఇంకా పైకి చూడలేదు. అలవాటు ప్రకారం పాపను ఒక భుజానికి సర్దుకుని, చంకలో గంప కింద పడేసి, ఖాళీ అయిన చెయ్యి ముందుకు చాచింది. చాచిన చెయ్యి సగంలో ఆగిపోయింది. కోడలి కళ్ళలోకి చూస్తూ మెల్లగా అడిగింది.

"మన్నేనా?"