చిలక్కొయ్యల గోడ

వచ్చినాయన కూర్చోలేదు. చంకలో తువ్వాలు చుట్టిన పొట్లం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి, వెనక్కి ఒకసారి చూసి, “తలుపు వేసెయ్యమంటారా?” అని అడిగాడు.

“వెయ్యండి. ఎలాగూ గాలికి కొట్టుకుంటోంది,” అన్నారు నిదానంగారు.

ఆయన ప్రైవేటు డిటెక్టివ్. ఏ పనీ తొందరపడి చేయరు గనక ఊరు పెట్టిన పేరది. అసలు పేరు బోర్డు మీద కూడా వెలిసిపోయింది. ఆయన అసిస్టెంటు పూర్వం కోర్టులో టైపు కొట్టేవాడు. ఆ ఉద్యోగం వదిలి ఏళ్ళయినా అందరికీ టైపిస్టే. నిదానంగారు ఊరికే కూర్చున్నా అందులో ఏదో గొప్ప ఉందని నమ్మే మనిషి.

వచ్చినాయన ఒంటి నుంచి ఉడికిన గింజల తియ్యటి వాసన వస్తోంది. మోచేతుల దాకా చర్మం ఆవిరికి ఎర్రబడి ఉంది. టైపిస్టు గుర్తుపట్టాడు.

“మీరు నల్లబీరాయన కదూ! సాయంత్రమైతే మీ బ్రూవరీ ముందు వీధి మలుపు దాకా నిలబడేవాళ్ళం.”

“అవును. ఇప్పుడు కూర్చోడానికి బోలెడు చోటు,” అన్నాడాయన.

పొట్లం విప్పాడు. లోపల మట్టి మగ్గు. ముదురు గోధుమరంగు పూత, కొంచెం ఒంకర నడుము. దాన్ని రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు.

“ఇది మీ బీరువాలో దాచండి. ఇదొక్కటైనా మిగలాలి.”

“ఏం జరిగింది?”

“మా ఆవిడ చేసిన మగ్గులండీ ఇవి. బ్రూవరీ పెట్టిన కొత్తలో, రోజూ వచ్చే మనిషి చెయ్యి చూసి, ఆ చేతికి కుదిరేలా పిడి పెట్టి, ఎవరి మగ్గు వాళ్ళకి చేసేది. ముందుగదిలో గోడకి చిలక్కొయ్యలు కొట్టించింది. ఎవరి కొయ్య వాళ్ళది. ‘ఇది నీది, ఎప్పుడొచ్చినా ఇక్కడే ఉంటుంది’ అని చెప్పేది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. జనం అంతకుముందే పల్చబడ్డారు. ఎల్లుండి తాళాలు ఇచ్చేస్తున్నాను. కొన్నాయన కుర్చీలూ మంచాలూ అమ్మే షాపు పెడతాడట. కాగులు, ట్యాంకులు అన్నీ ఆయనకే. మగ్గులు మాత్రం నావన్నాను. సర్దుదామని వెళ్ళి చూస్తే సగం లేవు.”

“తలుపు పగలగొట్టారా?”

“లేదు. తాళం వేసింది వేసినట్టే ఉంది.”

“ఎవరి మీదైనా అనుమానమా?”

నల్లబీరాయన గొంతు తగ్గింది. “మా మేనల్లుడు. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకుని ఎదురుగానే పెట్టాడు. పళ్ళ వాసన బీరు, మబ్బు పట్టినట్టుంటుంది. జనమంతా అటు పోయారు. పోనీలెండి, ఎవరి నాలుక వాళ్ళిష్టం. కానీ పాత సామాను గోడకి తగిలిస్తే ఇప్పుడు మోజు కదా, అందుకే ఎత్తుకుపోతున్నాడని నా భయం. పోలీసులకి చెబితే మా అక్క మొహం ఎలా చూడను? చెప్పకపోతే మా ఆవిడ చేతిపని నా కళ్ళముందే వాడి గోడమీద చూడాలి.”

నిదానంగారు మగ్గు చేతిలోకి తీసుకున్నారు. పిడి మీద బొటనవేలు ఆనడానికి చిన్న గుంట, ఒక పక్కకి ఒరిగి ఉంది. కుడిచేత్తో పట్టుకుంటే వేలు ఆ గుంటలో పడలేదు. ఎడమచేతికి మార్చారు. ఇట్టే కుదిరింది.

“ఇది ఎవరిది?”

“ఎవరిదైతే ఏముంది లెండి. చేతికందింది తెచ్చాను,” అన్నాడాయన కిటికీ వైపు చూస్తూ.

*

బ్రూవరీ ముందుగదికి పడమటి కిటికీ ఉంది. మధ్యాహ్నం ఎండ నేరుగా చిలక్కొయ్యల గోడ మీద పడుతోంది. గోడకి ఒకప్పుడు ఆకుపచ్చ రంగు. ఇప్పుడు ఎండిన గడ్డిలా అయిపోయింది. మగ్గుల వెనక మాత్రం, ఎండ తగలని మేర, రంగు కొత్తగానే ఉంది. పై రెండు వరసల్లో మగ్గులు నిండుగా ఉన్నాయి. కింద వరసలు ఖాళీ.

“కింద వరసలే ఎత్తుకుపోయాడు సార్. దొంగ పొట్టివాడై ఉంటాడు,” అన్నాడు టైపిస్టు.

నిదానంగారు పొడుగు మగ్గొకటి కొంచెం పక్కకి జరిపారు. దాని వెనక ఆకుపచ్చ నీడ బొద్దుగా, పొట్టిగా ఉంది. పక్క మగ్గు జరిపారు. అదీ అంతే. ఏమీ అనకుండా మళ్ళీ సరిగా పెట్టారు.

“అంచు విరిగినవి కూడా పోయాయా?” అని అడిగారు.

“పోయాయండీ,” అన్నాడు నల్లబీరాయన. “తీగలూ పువ్వులూ చెక్కిన పెద్దది మాత్రం ఉంది. ఈ గోడ మీద అందమైనది అదే.” అంతలో వెనక కాగు బుసకొట్టింది. ఆ బ్రూవరీలో కాచే ఆఖరి కాపు అది. ఆయన పరుగెత్తాడు.

గదిలో ఆయన మరదలు మిగిలింది. బీరు పోసేది ఆవిడే. చనిపోయినావిడకి చెల్లెలు.

“తాళాలు ఎవరి దగ్గరున్నాయమ్మా?”

“బావ దగ్గరొకటి, నా దగ్గరొకటి.”

“మగ్గులు తీయడం ఎవరైనా చూశారా?”

“చూస్తే ఊరుకుంటానా?”

“జనం వస్తున్నారా?”

“ఎక్కడండీ! మధ్యాహ్నం పూట ఒకరో ఇద్దరో.”

“అప్పుడు మీ బావగారు?”

“వెనకాలే. కాగు మరుగుతుంటే ఇల్లు కాలినా ఇటు రాడు. అక్క పోయాక అసలు ఈ గదిలో అడుగే పెట్టడు.”

“ఆ వచ్చేవాళ్ళు పాతవాళ్ళా, కొత్తవాళ్ళా?”

ఆవిడ పొడిగా ఉన్న గ్లాసునే మళ్ళీ తుడిచింది. “వచ్చినవాళ్ళందరి మొహాలూ ఎక్కడ గుర్తుంటాయండీ?”

నిదానంగారు తలూపి గుమ్మం దాటారు. వెనకే వస్తున్న టైపిస్టుని ఆవిడ ఆపింది. “మీరు ఆ స్తంభం పక్కన కూర్చునేవారు కదూ? నురగ తగ్గించి పొయ్యమని నా ప్రాణం తీసేవారు. ఇంకొన్నాళ్ళు వచ్చి ఉంటే అక్క మీకూ మగ్గు చేసేది.”

టైపిస్టు మొహం విప్పారింది. వీధిలోకి వచ్చాక ఆ మాట నాలుగుసార్లు చెప్పాడు. “ఎన్నేళ్ళయిందో సార్! ఎలా గుర్తుపెట్టుకుందో!”

“అవును. అదే నేనూ అనుకుంటున్నాను,” అన్నారు నిదానంగారు.

*

మేనల్లుడి దుకాణం ఎదురుగానే ఉంది. రంగు దీపాల అక్షరాలు, ఎత్తు కుర్చీలు. సగం కుర్చీలు ఖాళీ. గోడకి మగ్గులేమీ లేవు. అతను ఎడమచేత్తో కొళాయి తిప్పి రెండు గ్లాసులు నింపాడు. మామిడిపండు రంగు బీరు. టైపిస్టు ఒక గుక్క తాగి, జ్యూసుకి వచ్చామా బీరుకి వచ్చామా అన్నట్టు గ్లాసులోకి చూశాడు.

“మామయ్య పంపించారా?”

“మగ్గులు పోతున్నాయి,” అన్నారు నిదానంగారు.

అతనికి అర్థం కావడానికి క్షణం పట్టింది. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. “నేను తీశాననుకున్నారా?”

“తీశావా?”

“నేనేం చేసుకుంటానండీ? నా కుర్చీలకే దిక్కు లేదు. పోయినేడు ఇక్కడ నిలబడడానికి చోటుండేది కాదు. ఇప్పుడు వీధి చివర పుల్లబీరు వాడొచ్చాడు, జనం అటు. వాడికీ ఓ రోజు వస్తుంది లెండి. అప్పుడు మామయ్య చెబితే నవ్వాను. ‘నాలుకలు తిరుగుతుంటాయిరా, వాటి వెంట పరిగెత్తకు’ అన్నారు.” తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాడు. “అక్కడ నా మగ్గొకటి ఉండాలి. ఉందా? అదీ పోయిందా?”

“భద్రంగా ఉంది. ఎప్పుడూ వెళ్ళి చూసుకోలేదా?”

“రోడ్డు దాటితే చాలు. దాటడానికి మొహమే లేదు.”

అక్కణ్ణుంచి నిదానంగారు, వీధిలో అందరి సంగతులూ తెలిసే మంగలి దుకాణానికి వెళ్ళారు. టైపిస్టు విస్తుపోయాడు. ఆయన తలమీద కత్తిరించడానికి ఏమంత లేదు. అయినా కుర్చీలో కూర్చున్నారు. అద్దం పక్కన దువ్వెనల వెనకాల ఏదో ఉంది. దానిమీద ఉతికిన తెల్లగుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద నుంచి గోధుమరంగు పిడి కొంచెం కనిపిస్తోంది.

“నల్లబీరాయన బ్రూవరీ అమ్మేస్తున్నాడట, విన్నావా?”

“విన్నానండీ. అక్కడికి వెళ్ళడం ఎప్పుడో మానేశాను,” అన్నాడు మంగలి.

నిదానంగారు అతన్ని దగ్గరికి రమ్మని చెవిలో ఏదో చెప్పారు. కత్తెర ఆగిపోయింది. 

*

మర్నాడు సాయంత్రం బ్రూవరీ ముందుగదిలో నల్లబీరాయన, మరదలు ఉన్నారు. మేనల్లుడు గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

“వీణ్ణెందుకు పిలిచారు? దొరికాడా?” అన్నాడు నల్లబీరాయన.

“అందరూ దొరికారు. కూర్చోండి,” అన్నారు నిదానంగారు.

ఆయన గోడ దగ్గరికి వెళ్ళి పొడుగు మగ్గు తీశారు. దాని వెనక పొట్టి ఆకుపచ్చ నీడ అందరికీ కనిపించింది.

“ఎండ అబద్ధం చెప్పదు. ఏ మగ్గు ఎక్కడ వేలాడిందో గోడే చెబుతోంది. పొడుగుదాని చోటు ఇది కాదు. మగ్గు పోయినప్పుడల్లా కింద వరసలోది తెచ్చి ఆ ఖాళీ నింపారెవరో. అలా నింపీ నింపీ కింద వరసలు ఖాళీ అయ్యాయి. దొంగకి ఆ శ్రమ దేనికి? మీరెప్పుడైనా ఇటు తొంగిచూస్తే వెలితి కనిపించకూడదని మీ మనిషే చేసిన పని ఇది.”

నల్లబీరాయన మరదలి వైపు చూశాడు. ఆవిడ కళ్ళు దించుకుంది.

“పోయిన వాటిలో అంచు విరిగినవీ ఉన్నాయి. పువ్వులు చెక్కినది మాత్రం ఇక్కడే ఉంది. గోడకి అలంకారంగా తగిలించుకునేవాడు అలా ఎంచుకుంటాడా? మీ మేనల్లుడు తీయలేదు. తీసినవాడికి అందంతో పనిలేదు. వాడికి కావలసింది ఒకటే, వాడి మగ్గు.”

తలుపు చప్పుడైంది. మంగలి లోపలికి వచ్చాడు, చేతిలో తెల్లగుడ్డ పొట్లం. వెనకే బస్సు డ్రైవరు, ఖాకీ చొక్కా మీదే వచ్చాడు. అతని వెనక ఆసుపత్రి నర్సు. ఆ వెనక ఇంకా జనం. అందరి చేతుల్లోనూ ఏదో ఒక పొట్లం. పెళ్ళికి ఆలస్యంగా వచ్చినవాళ్ళలా గోడవార నిలబడ్డారు.

“రాత్రంతా వీళ్ళ ఇళ్ళు చూపించింది ఈ మంగలే,” అన్నారు నిదానంగారు. “ఒక్కరు కాదు దొంగ. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. బ్రూవరీ అమ్మేస్తున్నారని విని, ఎవరికి వాళ్ళు మధ్యాహ్నం పూట వచ్చి, ఒక్క మగ్గు తాగి, ఆ మగ్గు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఈవిడ చూసి చూడనట్టు ఊరుకుంది. ఎప్పుడో మానేసిన మా టైపిస్టు కూర్చునే చోటు గుర్తున్న మనిషి, నిన్నామొన్నటి మొహాలు గుర్తులేవంది. అప్పుడే నాకు సగం తెలిసింది.”

“నాకెందుకు చెప్పలేదు?” నల్లబీరాయన మరదల్ని అడిగాడు.

“ఏం చెప్పను బావా?” అంది మరదలు. “దొంగ ఎత్తుకుపోయాడంటే నీకు కోపమొస్తుంది. వీళ్ళొచ్చి, తాగి, నిన్ను పలకరించకుండానే పోయారంటే నువ్వేమైపోతావు?”

ఆయన వాళ్ళందరినీ చూశాడు. “వచ్చారా? గోడకి అవతలే ఉన్నాను కదా. ఒక్క కేక వేస్తే...”

“ఏ మొహంతో వెయ్యమంటారు?” అన్నాడు మంగలి. “ఎదురింట్లో పళ్ళబీరు తాగాం. ఆ తర్వాత పుల్లబీరు తాగాం. అమ్మగారు పోయిన రోజు వచ్చి, మళ్ళీ ఈ గడప తొక్కలేదు.”

“రోజూ మీ గుమ్మం ముందునుంచే బస్సు తోలతాను,” అన్నాడు డ్రైవరు. “ఇక్కడికి రాగానే హారన్ కూడా కొట్టను. సిగ్గేసి.”

“కొన్నాయన చెత్తలో పారేస్తాడేమోనని తీశానండీ,” అంది నర్సు.

“అడిగితే నేనివ్వనా తల్లీ?”

“అడగాలంటే మీ ఎదురుగా నిలబడాలి కదండీ.”

 నర్సు ముందుగా పొట్లం విప్పి మగ్గు బల్లమీద పెట్టింది. సన్నటి పిడి, రెండు వేళ్ళకి సరిపోయేది. డ్రైవరుది గేరు రాడ్డంత లావు పిడి. ఒకదాని పక్కన ఒకటి చేరాయి. అన్నీ తోమి, మెరిసేలా తుడిచినవే.

“ఇంకొకటుంది,” అన్నారు నిదానంగారు. ఆయన సంచిలోంచి ఒంకర నడుము మగ్గు తీశారు. “నిన్న మీరు తెచ్చింది. ఈ గోడమీద అన్ని మగ్గులుండగా, ఇదొక్కటైనా మిగలాలని నా దగ్గర దాచారు. చేతికందిందన్నారు. ఇది ఎడమచేతివాటం మనిషిది. ఈ వీధిలో ఎడమచేత్తో బీరు పోసేవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను.”

గుమ్మం బయట మేనల్లుడు తలెత్తాడు. “మామయ్యా, దొంగననుకుంటూనే నాది దాచారా?”

నల్లబీరాయన మీసం తుడుచుకున్నాడు. “మీ అత్తయ్య మొట్టమొదట చేసింది అదేరా. అందుకే నడుము అలా ఒంకరపోయింది. నీకేనని ఎంత మురిసిందో. ఇంకా బయట నిలబడతావేం, ఎవరైనా బొట్టు పెట్టి పిలవాలా?”

అతను లోపలికొచ్చి ఎడమచేత్తో మగ్గు అందుకున్నాడు. బొటనవేలు గుంటలో కూర్చుంది.

నల్లబీరాయన వెనక్కి వెళ్ళి, ఆఖరి కాపుకి ముందటి పీపా తానే దొర్లించుకొచ్చాడు. రెండేళ్ళలో మొదటిసారి ముందుగదిలో తన చేత్తో, ఎవరి మగ్గులో వాళ్ళకి పోశాడు. నల్లగా, చేదుగా, చివర్లో కొంచెం కాలిన రొట్టె వాసనతో ఉంది. మగ్గు లేని టైపిస్టుకి గ్లాసులో పోస్తే, నురగ తగ్గించమనే మాట నోటిదాకా వచ్చి మింగేశాడు.

“తాళాలు రేపు ఇవ్వాల్సిందే. మాటిచ్చాను,” అన్నాడు నల్లబీరాయన.

“ఇవ్వండి,” అన్నాడు మేనల్లుడు. “నా ట్యాంకుల్లో ఒకటి ఎప్పట్నుంచో ఖాళీగా ఉంది. నల్లబీరు కాయడం నాకు రాదు. మీరు అది నేర్పకముందే వెళ్ళిపోయాను కదా.”

ఆయన గోడ వైపు చూశాడు. పోయిన మగ్గులన్నీ జనం చేతుల్లో ఉన్నాయి. కింద వరసల్లో ఖాళీ చిలక్కొయ్యలు, వాటి కింద ఆకుపచ్చ నీడలు మాత్రం మిగిలాయి.

“స్క్రూడ్రైవరుందా ఎవరి దగ్గరైనా?” అన్నాడు చివరికి. “కొయ్యలు ఊడదీయాలి. నీ గోడకి ఎండ తగులుతుందా?”

“సాయంత్రం పూట తగులుతుంది మామయ్యా.”

“అయితే సరే. నెమ్మదిగా పడతాయి నీడలు.”

బస్సు డ్రైవరు అప్పటికే పనిముట్ల సంచి కోసం బయటికి పరిగెత్తాడు.