కెప్టెన్ అన్న మాట

వాషింగ్టన్, 1867. పై అధికారి కూర్చోమని కూడా అనలేదు.

"జనరల్ హోల్‌కంబ్ కింద పనిచేశావు కదా, టల్లీ?"

"మూడేళ్లు, సార్."

"యుద్ధంలో పన్నెండు వేలమందిని నడిపించాడు. ఇప్పుడు రేవు కోటలో అరవైమంది. సైన్యం రిజిస్టర్లో ఆయన కెప్టెనే. జనరల్ అనేది మర్యాదకి మిగిలింది. రేవులో మందుపాతరలు ఎక్కడ ముంచారో చూపించే మ్యాపు ఆయన బీరువాలో ఉంది. దానికోసం విదేశీ ముఠా ఒకామెని పంపుతోంది. ఒకప్పుడు మన ఏజెంటే. వేషాల్లో దిట్ట."

"పట్టుకోమంటారా?"

"రుజువు లేకుండా చెయ్యేస్తే నీ ఉద్యోగం పోతుంది. మ్యాపు పోతే ఆయన్ని ఉరి తీస్తారు."

టల్లీ తలూపాడు. ఒక కొండవాలులో తమ్ముణ్ణి పూడ్చిన రోజు నుంచీ అతనికి దేనికీ గుండె దడ రావడం లేదు.

కోటలో నౌకరు కోటు తొడుక్కుని తొమ్మిది రోజులు కాఫీ పోశాడు. పదో రోజు పొద్దున ఒక వితంతువు వచ్చింది. నల్ల ముసుగు, దాని వెనక చూపు తిప్పుకోనివ్వని మొహం. పేరు మిసెస్ ప్రూయిట్. పింఛను కాగితాల మీద సంతకాలు కావాలి.

"మా ఆయన పోయేదాకా మీ పేరే తలుచుకున్నాడండీ."

భర్త ఊరు, దళం, పోయిన తేదీ, అన్నీ సరిగ్గానే చెప్పింది. జనరల్ చదవకుండా సంతకం పెడుతున్నాడు. నాలుగేళ్లు మృతుల జాబితాల మీద సంతకాలు చేసిన చెయ్యి అది. ఒకటి, రెండు, మూడు.

"ఇదొక్కటీ, కెప్టెన్ గారూ."

టల్లీ చేతిలో కూజా ఆగింది. ఆయన కింద పోరాడినవాళ్లు గానీ, వాళ్ల ఇళ్లవాళ్లు గానీ ఆయన్ని ఆ మాట అనరు.

కలం మొన కాగితానికి తగిలేలోగా కాఫీ అంతా దాని మీద ఒంపేశాడు. తడుస్తున్న అక్షరాల్లో ఒక వాక్యం ఇంకా కనిపిస్తోంది: ఈ చీటీ తెచ్చినవారికి మ్యాపు అప్పగించవలెను.

ఆమె చేతిసంచిలోంచి అరచేతిలో ఇమిడే పిస్తోలు పైకి లేచింది. టల్లీ ఆమె మణికట్టు మెలితిప్పాడు. పిస్తోలు నేల మీద పడింది.

"ఎక్కడ పొరపాటు చేశాను?" మామూలుగానే అడిగింది.

"కెప్టెన్ అన్నారు, అమ్మగారూ."

"రిజిస్టర్లో అదేగా ఉంది."

"ఉంది. దాన్ని చూసేవాళ్లే లేరు."

సిపాయిలు ఆమెను తీసుకెళ్లారు. జనరల్ చొక్కా అంచుతో బల్ల తుడుస్తున్నాడు.

"కాఫీ ఏమన్నా మిగిలిందా?"

"కొంచెం ఉంది, జనరల్ గారూ."

"పోయ్," అన్నాడాయన. "రెండేళ్లలో నా మొహం మీద నిజం చెప్పింది ఆవిడొక్కతే. ఆవిణ్ణీ పట్టుకుపోయారు."